సోలయు ప్రమాణమే - పాల్కురికి సోమనాథుని జీవనబోధ

వరంగల్లు నగరమున కాశిబుగ్గకు చేరువనే ఏనుమాముల వ్యవసాయ మార్కెట్టు కలదు. అచ్చటికి పత్తియో మిరపయో కొనివచ్చు రైతు మొదట చూచునది కాటాను. ధర తగ్గినచో ఎట్లో ఓర్చుకొనును. తూకము తప్పినచో ఓర్వలేడు. కొలతలో సత్యము లేనినాడు ఇచ్చిపుచ్చుకొనుటయే లేదు. మానవ శీలమునకును ఇట్టి సత్యమైన కొలత యొకటి కావలెనని కాకతీయుల కాలమున ఈ ప్రాంతముననే వెలసిన మహాకవి రచనలు మనకు తెలుపుచున్నవి. ఆయనయే పాల్కురికి సోమనాథుడు.

సోమనాథుని స్వస్థలము పాలకుర్తి. పూర్వము వరంగల్లు జిల్లాలోని ఈ గ్రామము 2016 నుండి జనగామ జిల్లాలో నున్నది. పోతనామాత్యుని బమ్మెర దీనికి సమీపముననే కలదు. సోమనాథుడు బసవపురాణము, పండితారాధ్య చరిత్రము, అనుభవసారము, వృషాధిప శతకము మున్నగు గ్రంథములు రచించెను. ఆయన సంస్కృతాంధ్ర కర్ణాట భాషలయందు ప్రవీణుడు. కఠినమైన సంస్కృత సమాసములతో పండితసభలను మెప్పించుట ఆయనకు కష్టమేమియు కాదు.

అయినను బసవేశ్వరుని చరిత్రము వ్రాయబూనినపుడు ఆయన జాను తెలుగును, ద్విపదను ఎన్నుకొనెను. నన్నయనాటి నుండి కావ్యమనగా గద్యపద్యముల కలయికయైన చంపువే యను భావము పండితులలో పాతుకొనియుండెను. ద్విపద సామాన్యులు గొంతెత్తి పాడుకొనుటకు అనువైన నడక. అందుచే చిన్నచూపు తప్పదని కవికి తెలియును. దానికి ఆయన చెప్పిన సమాధానము ధాన్యపు కొట్టునుండి తెచ్చినది. తూము పెద్దకొలత, సోల చిన్నకొలత. తూము సరియైన ప్రమాణమని ఒప్పుకొన్నవాడు సోలను కాదనుటెట్లు? వేదము పెద్దకొలతయైనచో, అదే సత్యమును కొలిచి యిచ్చు తెలుగు పలుకు చిన్నకొలత. పరిమాణము వేరు గాని ప్రామాణ్యము వేరు కాదని ఆయన వాదము.

ఈ మాట భాషతో ఆగిపోలేదు. బసవపురాణమందలి భక్తుల కథలకెల్ల ఇదియే తాళపుచెవి. గొడగూచి కథను చూడుడు. నిత్యము శివునకు పాలు సమర్పించు తండ్రి పొరుగూరికి పోవుచు ఆ పని చిన్నకూతురికి అప్పగించెను. దేవుడు నిజముగనే పాలు త్రాగునని ఆ పాప నమ్మకము. గిన్నెలోని పాలు తరుగలేదు. ఆమె బతిమాలెను, ఏడ్చెను, తుదకు ప్రాణము విడుచుటకును సిద్ధపడెను. శివుడు పాలు త్రాగెను. తిరిగివచ్చిన తండ్రి ఆ మాట నమ్మలేకపోయెను! ఆయన పూజ నియమముగా సాగిన పెద్దకొలత. పాపది ఒక్క గిన్నెడు పాలకొలత. కాని చేయు పనిని మనసార నమ్మి చేసినది పాపయే.

మడివాలు మాచయ్య బట్టలుదుకు రజకుడు. బసవేశ్వరుడు కళ్యాణమున బిజ్జలుని దండనాయకుడు. పదవులతో కొలిచినచో ఈ యిరువురకు పోలికయే లేదు. పురాణమున మాత్రము మాచయ్య మహిమ యెదుట మంత్రి తల వంచును. చేతిపని చిన్నదగుట వలన మనిషి చిన్నవాడు కాడనుట కాయకమును గూర్చిన శరణుల బోధకు ప్రాణము.

పట్టుదల విషయమున కవి జీవితమే పాఠము. బసవపురాణముతో ఊరకొనక, పండితారాధ్య చరిత్రమును గూడ ఆయన ద్విపదలోనే రచించెను. ఒకరి మెప్పుకై దారి మార్చుకొనలేదు. 1369లో భీమకవి బసవపురాణమును కన్నడమున రచించెను. కన్నడదేశమున వెలసిన మహనీయుని కథ తెలుగు కావ్యమై, మరల కన్నడమునకు చేరినది. 1990లో ఆంగ్లానువాదమును వెలువడినది. తక్కువ వారి ఛందస్సని తలచినది ఎంత దూరము నడచినదో గమనింపవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. బసవపురాణమందలి వీరభక్తి కథలు కొన్ని మిక్కిలి తీవ్రమైనవి. పరమతములపై పరుషవాక్యములును కలవు. అవి ఆ కాలపు సంఘర్షణము నుండి పుట్టినవి. నేటి గృహస్థు వానినుండి నిలకడను గ్రహింపవలెను గాని కోపమును గాదు. ఇరుగుపొరుగును నొప్పించు భక్తి, తప్పు తూకపు రాయి వంటిది; చూచుటకు బరువే గాని కొలుచుటకు పనికిరాదు.

పెద్ద దానములు, పెద్ద వ్రతములు అందరికి సాధ్యములు కావు. అంగడిలో సరిగా తూచుట, కూలివానికి చెప్పిన కూలి చెప్పిననాడే యిచ్చుట, ఇంటి పనిమనిషిని మర్యాదగా పిలుచుట, పిల్లలకిచ్చిన మాట తప్పకుండుట - ఇవి యన్నియు సోలలే. రోజునకొక సోల సత్యముగా కొలిచినవాని యింట తూము తనంతట తానే నిండును.

ఇంట చర్చింపదగిన ప్రశ్నలు

1. గొడగూచి తండ్రి కూతురి మాటను ఎందులకు నమ్మలేకపోయెను? మనమును పిల్లల మాటను అట్లే త్రోసిపుచ్చుచున్నామా?

2. సోమనాథుడు పండితుల మెప్పుకై ద్విపదను విడిచియున్నచో ఎవరికి నష్టము కలిగెడిది?

3. ఈ వారము మన యింట తప్పిన చిన్నకొలత యేది? దానిని సరిదిద్దు మార్గమేది?