అంగడి లెక్క: ముందు కాగితం మీద, తర్వాతే కంప్యూటర్‌లో

మన గూడూరులోనైనా, ఆదోని, ఎమ్మిగనూరులోనైనా చిన్న అంగడి నడిపేవారిని "మీకు రావలసిన బాకీ ఎంత?" అని అడిగితే చాలామంది నోటితోనే చెప్పేస్తారు. జ్ఞాపకశక్తి గట్టిదే. కాని ఆ మనిషి ఆస్పత్రి పాలైతే ఆ లెక్క ఇంటివారికి తెలియదు. బాకీపడినవాడికి కూడా తాను ఎంత కట్టాడో చూపడానికి ఆధారం ఉండదు. గడువు పెట్టుకున్న అప్పును రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ఖుర్‌ఆన్‌లో బఖరా సూరా 282వ ఆయత్ చెబుతుంది. నేటి అంగడిలో ఆ రాత ఎలా ఉండాలో చూద్దాం.

కంప్యూటర్ కొనడం మొదటి పని కాదు. ఏయే విషయాలు రాయాలి, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం ఏమిటి అని తేల్చుకోవడం మొదటి పని. దీనినే డేటా మోడలింగ్ అంటారు. 1970లో ఐబీఎం సంస్థలోని ఎడ్గార్ కాడ్ సమాచారాన్ని పట్టికలుగా అమర్చే పద్ధతిని ప్రతిపాదించారు. 1976లో పీటర్ చెన్ ఆ సంబంధాలను బొమ్మగా గీసే పద్ధతిని చూపారు. పేర్లు కొత్తవే గాని, చిట్టా, ఆవర్జా రాసిన మన పెద్దలకు విషయం కొత్త కాదు.

మన ప్రాంతపు ఉదాహరణే తీసుకుందాం. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. నూలు ఇవ్వడం, బట్ట తీసుకోవడం, కూలి చెల్లించడం ఇలాంటి సంఘాల పని. నాలుగు మగ్గాలపై పట్టుచీరలు నేయించే చిన్న వ్యాపారికీ ఇదే లెక్క కావాలి. అతనికి ఐదు పట్టికలు చాలు: నేతగాళ్లు, సరుకు రకాలు, ఇచ్చిన సరుకు, వచ్చిన చీరలు, చెల్లింపులు.

ఇందులో నాలుగు సూత్రాలు గుర్తుంచుకోవాలి.

ఒకటి: ప్రతి మనిషికీ ఒక నంబరు ఇవ్వాలి. మన ఊళ్లలో మస్తాన్‌లు, బాషాలు ఎందరో! ఫోన్ నంబరూ నమ్మదగినది కాదు, అన్నదమ్ములిద్దరికీ ఒకే ఫోన్ ఉండవచ్చు.

రెండు: ఒక విషయాన్ని ఒకేచోట రాయాలి. చిరునామా నేతగాళ్ల పట్టికలో మాత్రమే ఉండాలి. మిగిలిన పట్టికల్లో అతని నంబరు రాస్తే చాలు. చిరునామా మారితే ఒక్కచోటే దిద్దవచ్చు.

మూడు: మిగులును రాయకూడదు, లెక్కగట్టాలి. 3 కిలోల పట్టు ఇచ్చాం, 5 చీరలు వచ్చాయి, చీరకు 480 గ్రాములు పట్టింది అనుకుందాం. వాడుక 2 కిలోల 400 గ్రాములు, మిగలవలసింది 600 గ్రాములు. తూకంలో 450 గ్రాములే ఉంటే ఆ తేడా తరుగా, తూకం తప్పా అని ఆ రోజే మాట్లాడుకోవచ్చు. ఏడాది తర్వాత అయితే మిగిలేది అనుమానమే.

నాలుగు: ధర, కూలి ఆ రోజుటివి ఆ రోజే నమోదు చేయాలి. రేపు కూలి పెరిగినా పాత చీరల లెక్క మారకూడదు.

ఈ పట్టికలు సిద్ధమయ్యాకే సాధనాన్ని ఎంచుకోవాలి. రోజుకు పది పద్దులుంటే గీతల పుస్తకమే చాలు. మనుషులు, సరుకులు పెరిగితే ఎక్సెల్ వాడవచ్చు. జీఎస్‌టీ బిల్లులు, స్టాకు, ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు ఉంటే టాలీ వంటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అవసరం. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చింది. అందులో నమోదైన వ్యాపారి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలి.

అమ్మేవారిని ఇవి అడగండి: మా ఐదు పట్టికలు ఇందులో ఇముడుతాయా? రేపు మానేస్తే మా లెక్కంతా బయటికి తీసుకోగలమా? ఎవరు ఏది చూడవచ్చో, దిద్దవచ్చో విడివిడిగా పెట్టవచ్చా? ఫోన్ పోతే నకలు ఎక్కడ ఉంటుంది? మొరాయిస్తే ఎవరు వస్తారు? మొదటి ఏడాది ధర కాదు, మూడేళ్ల ఖర్చంతా ఎంత? జవాబులు నచ్చితే ఒక నెల పాత పుస్తకం, కొత్త సాఫ్ట్‌వేర్ రెండూ నడపండి. నెలాఖరున రెండు లెక్కలూ కలిస్తేనే పుస్తకం పక్కన పెట్టండి.

దాతలకు ఒక మనవి. మీరు ఒక కుటుంబానికి కుట్టుమిషనో, అంగడికి పెట్టుబడో ఇచ్చేటప్పుడు దానితోపాటు ఒక లెక్కల పుస్తకం, దాన్ని నెలరోజులు దగ్గరుండి నేర్పే ఒక చదువుకున్న పిల్లను కూడా ఇవ్వండి. ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ ఆ లెక్క తెలియాలి. బాకీ ఎంతో, సరుకు ఎంతో తెలిసిన అంగడే నిలబడుతుంది. జకాత్ లెక్కించే రోజున కూడా ఊహతో పని ఉండదు.