పెద్ద పండు, చిన్న పండు: ఏది మేలు?



కోతపండుగ రోజున మన సంఘాలలో జరిగే వేలంపాట అందరికీ తెలిసినదే. కానుకగా వచ్చిన అరటి గెలలు, గుమ్మడికాయలు, పంపర పనసకాయలు బల్లమీద వరుసగా పెడతారు. అందరి చూపూ ముందుగా అన్నిటికంటే పెద్దదానిమీదికే పోతుంది. పాట కూడా అక్కడే పెరుగుతుంది. పక్కన చిన్న బుట్టలో ఉన్న ఉసిరికాయలను, రేగుపండ్లను అడిగేవారు తక్కువ.

ఇది ఈనాటి సంగతి కాదు. సంఖ్యాకాండము 13వ అధ్యాయంలో కనాను దేశాన్ని వేగు చూడబోయినవారు ఎష్కోలు లోయనుండి ద్రాక్షగెలను దండెమీద ఇద్దరు మోసుకొని వచ్చారు. దానిమ్మపండ్లు, అంజూరపు పండ్లు కూడా తెచ్చారు. అయినా మన సండే స్కూలు పిల్లలు బొమ్మ గీసేటప్పుడు గీసేది ఆ ద్రాక్షగెలనే!

పెద్ద పండును చూసి సంతోషించడంలో తప్పు లేదు. అయితే కంటికి నచ్చే పరిమాణం వేరు, శరీరానికి సరిపోయే పరిమాణం వేరు. ఈ నెల పాఠంలో ఈ తేడాను తెలుసుకుందాము.

1. పెద్దదైతే ఎక్కువ తినవచ్చా?

మన కోనసీమ కొబ్బరితోటల్లో పెరిగే పంపర పనసనే తీసుకోండి. నిమ్మ, నారింజ జాతి పండ్లన్నిటిలో ఇదే పెద్దది. దీని శాస్త్రీయ నామం సిట్రస్ మాక్సిమా. మాక్సిమా అంటే లాటిను భాషలో 'అతి పెద్దది' అని అర్థం. ఒక్కొక్క కాయ కిలో, రెండు కిలోలు కూడా తూగుతుంది. కానీ పై తోలు కింద దూదివంటి తెల్లని పొర మందంగా ఉంటుంది. కనుక కాయ పెద్దదైనంత మాత్రాన తొనలు ఎక్కువ ఉంటాయని చెప్పలేము. ఒకే పరిమాణంలో ఉన్న రెండు కాయలను చెరొక చేతిలో పట్టుకొని, బరువుగా ఉన్నదానిని ఎంచుకోండి. రసం ఎక్కువగా ఉండేది దానిలోనే.

అంతగా వాడుకలో లేని పండ్లకు పరిమాణం రెండు విధాలుగా అడ్డు వస్తుంది. పనస, పంపర పనస మరీ పెద్దవి. 'ఎవరు కోస్తారు, ఎవరు తింటారు' అని చిన్న కుటుంబాలవారు వదిలేస్తారు. అందుకే పనసపండును బజారులో తొనలుగా తీసి అమ్ముతారు. రేగు, ఈత, ఉసిరి మరీ చిన్నవి. 'గింజ తీస్తే ఏమి మిగులుతుంది' అని వాటినీ వదిలేస్తారు. చివరకు చేతిలో చక్కగా ఇమిడే ఆపిల్ పండే అందరికీ నచ్చుతుంది. రోగిని చూడవచ్చేవారు కూడా ఎక్కువగా అదే తెస్తారు.

ఆపిల్ మంచి పండే. కానీ సి విటమిను మాట వస్తే 100 గ్రాముల ఆపిల్‌లో ఉండేది సుమారు 5 మిల్లీగ్రాములు మాత్రమే. అదే పంపర పనసలో సుమారు 60, జామలో 200కు పైగా ఉంటుంది. ఉసిరిలో జామకంటే కూడా ఎక్కువ. పెద్దవారికి రోజుకు కావలసినది 65 నుండి 80 మిల్లీగ్రాములు. అనగా ఒకటి రెండు ఉసిరికాయలతోనే ఆ రోజు అవసరం దాదాపుగా తీరిపోతుంది.

ఇది రక్తహీనత గల గర్భిణీ స్త్రీలకు ముఖ్యమైన విషయం. ఆకుకూరలలో, పప్పులలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి సి విటమిను సహాయపడుతుంది. కాబట్టి భోజనంతోపాటు నాలుగు జామ ముక్కలు గాని, ఒక పచ్చి ఉసిరికాయ గాని తీసుకోండి. డాక్టరు గారు ఇచ్చిన ఐరన్ మాత్రలు మాత్రం మానకూడదు.

2. షుగరు ఉన్నవారికి 'ఒక పండు' అంటే ఎంత?

'రోజుకు ఒక్క పండే తింటున్నాను, అయినా షుగరు తగ్గడం లేదు' అని అనేవారు చాలామంది ఉన్నారు. ఆ ఒక్క పండు ఎంతది అన్నదే ప్రశ్న.

గుండ్రని జామకాయ అడ్డుకొలత 6 సెంటీమీటర్లు ఉంటే దాని బరువు సుమారు 110 గ్రాములు. అడ్డుకొలత ఏడున్నర సెంటీమీటర్లు అయితే బరువు సుమారు 220 గ్రాములు. చూపుకు కొంచెమే పెద్దది, బరువులో మాత్రం రెట్టింపు! అడ్డుకొలత రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది. తైవాన్ జామ అని అమ్మే పెద్ద కాయలలో అరకిలో తూగేవి కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి తిన్నవారు నాలుగైదు మామూలు కాయలు తిన్నట్లే. అరటిపండ్లకు కూడా ఇదే లెక్క. చిన్న పండు, పొడవాటి పెద్ద పండు నోటి లెక్కలో ఒకటే గాని, రక్తంలో చక్కెర లెక్కలో ఒకటి కావు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి రోజుకు సుమారు 100 గ్రాముల పండ్లు చాలును. షుగరు ఉన్నవారు పండ్లను సంఖ్యతో కాక బరువుతో లెక్క పెట్టుకోవాలి. ఒకసారి కొట్టులో 100 గ్రాములు తూయించి, చేతిలో ఎంత వస్తుందో చూసి గుర్తుపెట్టుకోండి. పండును రసం తీయకుండా తినండి. నేరేడు గింజల పొడిని నమ్ముకొని మాత్రలు మానవద్దు.

3. కొత్త పండ్ల విషయంలో జాగ్రత్తలు

డ్రాగన్ ఫ్రూట్, రాంబుటాన్ వంటి పండ్లు ఇప్పుడు మన బజార్లకు కూడా వస్తున్నాయి. పెద్దగా, ఎర్రగా ఉన్న డ్రాగన్ పండుకు ధర ఎక్కువ చెబుతారు. పరిమాణం పెరిగినంత మాత్రాన అది మందు కాదు. అప్పుచేసి రోగికి పెట్టవలసిన పండు ఏదీ లేదు. లోపల ఎర్రగా ఉండే రకం తిన్న తరువాత మూత్రం, మలం ఎర్రగా రావచ్చు. అది పండు రంగే. పండు మానిన ఒకటి రెండు రోజులలో పోకపోయినా, పండు తినకుండానే ఎరుపు కనిపించినా ఆసుపత్రికి రండి.

కొన్ని పెరళ్లలో కాసే స్టార్ ఫ్రూట్‌ను అడ్డంగా కోస్తే నక్షత్రంలా ఉంటుంది. పిల్లలు ఇష్టపడతారు. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవారు దీనిని ఒక్క ముక్క కూడా తినకూడదు, రసం త్రాగకూడదు. ఆరోగ్యవంతుల కిడ్నీలు బయటకు పంపివేసే ఒక విషపదార్థం వీరి ఒంటిలో నిలిచిపోయి మెదడుకు చేరుతుంది. కారంబాక్సిన్ అనే ఆ పదార్థాన్ని బ్రెజిల్ శాస్త్రజ్ఞులు 2013లో గుర్తించారు. సగం పండుతోనే ప్రాణం మీదికి వచ్చినవారున్నారు. తగ్గని ఎక్కిళ్లు, వాంతులు, మతి తప్పినట్లు మాట్లాడడం, మూర్ఛ దీని లక్షణాలు. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయక డయాలసిస్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పంపర పనసకు కూడా ఒక జాగ్రత్త ఉంది. దీని సంతతి అయిన గ్రేప్ ఫ్రూట్ రసం కొన్ని బి.పి. మాత్రల శక్తిని రక్తంలో మితిమీరి పెంచుతుందని కెనడా పరిశోధకులు 1991లో లాన్సెట్ పత్రికలో తెలియజేశారు. పంపర పనసకు కూడా అటువంటి గుణం ఉంది. కొన్ని కొలెస్టరాల్ మాత్రలు, బి.పి. మాత్రలు, కిడ్నీ మార్పిడి తరువాత వాడే మందులు తీసుకొనేవారు ముందుగా డాక్టరు గారిని అడిగి తినండి. ఉప్పు, కారం అద్దుకొని తినే అలవాటును బి.పి. ఉన్నవారు మానుకోవాలి.

4. పసిపిల్లలకు చిన్న పండ్లే ప్రమాదం

చిన్న పండు కదా అని నేరేడు, ద్రాక్ష, రేగు, రాంబుటాన్ పసిపిల్లల చేతికి అలాగే ఇవ్వకండి. గుండ్రని, జారే పండు గాని, గింజ గాని గొంతుకు అడ్డుపడితే నిమిషాలలో ఊపిరి ఆగిపోవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు గింజ తీసి, నిలువుగా చీల్చి, కూర్చోబెట్టి తినిపించండి. పరుగెత్తేటప్పుడు, నవ్వేటప్పుడు నోట్లో పెట్టవద్దు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

పండును పరిమాణంతో కాక బరువుతో, తాజాదనంతో ఎంచుకోండి.
పెద్ద పండును ఇంటిల్లిపాదీ పంచుకోండి. మిగిలితే ఇరుగుపొరుగుకు పంపండి.
చిన్న పండ్లను తక్కువగా చూడకండి. పెరటిలో ఒక జామ మొక్క, ఒక ఉసిరి మొక్క నాటండి.
కిడ్నీ జబ్బు ఉన్నవారు స్టార్ ఫ్రూట్ ముట్టవద్దు. అరటి, కొబ్బరినీళ్లు కూడా డాక్టరు గారు చెప్పినంతవరకే.

కుటుంబముగా మాట్లాడుకొనుటకు

మన ఇంట్లో ఏ పండును చిన్నదని వదిలేస్తున్నాము? షుగరు, బి.పి., కిడ్నీ జబ్బు ఉన్నవారి భాగం ఎంత? రోగిని చూడబోయేటప్పుడు ఏమి తీసుకొని వెళ్తున్నాము, అది ఆయన తినదగినదేనా?

ఈ మూడవ ప్రశ్నను రోగి ఇంటివారినే ముందుగా అడగండి. వారు చెప్పిన దానినిబట్టి నాలుగు జామకాయలు తీసుకొని వెళ్లినా, ఉత్త చేతులతో వెళ్లి ప్రార్థన చేసి వచ్చినా అది ప్రేమే.