బస్సుకీ ఆటోకీ మధ్య సందులో సైకిల్
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సైకిల్ మీద ట్యూషన్‌కి వెళ్తాడు. సాయంత్రం పల్నాడు రోడ్డులో బళ్లన్నీ ఆగిపోతే, వీడు బస్సుకీ ఆటోలకీ మధ్య సందులోంచి దూరి ముందుకెళ్లిపోతాడట. ‘అందరూ అట్లాగే పోతారు, వాడొక్కడే నిలబడితే వెనకోళ్లు తిడతారు’ అంటారు మా ఆయన. నాకేమో గుండె దడ. ఎవరి మాట సరైనది?
- ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: సందులో దూరడమే తప్పని అనలేమమ్మా. ఏ బండి పక్క సందు, ఆ బండి ఆగి ఉందా కదులుతోందా అన్నది చూడాలి. ముందున్నవన్నీ కార్లు, ఆటోలు, బైకులే అయి పూర్తిగా ఆగిపోయి ఉంటే, మనిషి నడిచేంత వేగంతో, రెండు చేతులూ బ్రేకుల మీద పెట్టుకుని దాటొచ్చు. అప్పుడు కూడా ఆటోలోంచి ఎవరో ఒకరు దిగుతారనీ, కారు తలుపు తెరుచుకుంటుందనీ అనుకునే తొక్కాలి. ముందు బళ్లు కదలడం మొదలైతే పక్క సందుల్లో దూరడం మానేసి, ఏదో ఒక బండి వెనక వరసలోకి చేరిపోవాలి.

బస్సు, లారీ, టిప్పర్, ట్రక్కు తగిలించిన ట్రాక్టర్ల పక్క సందు మాత్రం వద్దే వద్దు. అందులోనూ ఎడమ పక్క. మన దగ్గర డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. ఎడమ పక్క బాడీకి దగ్గరగా, కిందుగా ఉన్న సైకిల్ అతని కంటికి ఆనదు. బస్సు తలుపూ అటే, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అటే. అన్నిటికన్నా ముఖ్యం మలుపు. పొడుగు బండి ఎడమకి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు చక్రం దగ్గర సైకిల్ పట్టేంత ఖాళీ కనిపించినా, వెనక చక్రం వచ్చేసరికి ఆ ఖాళీ ఉండదు. పిల్లవాడు పడేది అక్కడే. మిర్చి, పత్తి సీజన్లో ఇంకో చిక్కు: టిక్కీలూ బోరేలూ ట్రక్కు అంచు దాటి బయటికి వచ్చి ఉంటాయి, సైకిల్ హ్యాండిల్‌కి తగులుతాయి.

మీ వాడికి ఒక్క గుర్తు చెప్పండి: లారీ అద్దంలో డ్రైవర్ మొహం నీకు కనపడకపోతే, నువ్వు అతనికి కనపడనట్టే. మరీ తొందరైతే దిగి, రోడ్డు వారగా సైకిల్ నడిపించుకుని వెళ్లమనండి. వెనకోళ్లు తిడితే తిట్టనివ్వండి.

ప్రశ్న: సైకిలుకి చట్టమే లేదంటారు. వరసల మధ్య దూరితే పోలీసులు కేసు రాయగలరా?
- ఒక దుకాణదారు, మాచర్ల

జవాబు: సగం నిజం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం లెక్కలో సైకిల్ మోటారు వాహనం కాదు. కాబట్టి లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా అక్కర్లేదు, హెల్మెట్ లేదని ఛలానా రాదు. లేన్‌లోనే నడపాలనీ కుడి పక్కనుంచే దాటాలనీ చెప్పే 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్లు మోటారు బళ్లు నడిపేవాళ్ల కోసం. రెండు వరసల మధ్య సైకిల్ తొక్కకూడదని పేరుపెట్టి చెప్పిన సెక్షన్ ఆ చట్టంలో లేదు.

అయితే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్ ఉంది. పదిమంది తిరిగే దారిలో ఇతరులకు ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యంగా ఏ వాహనం నడిపినా ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందులో ‘మోటారు’ అన్న షరతు లేదు. సైకిల్‌తో ముసలావిడని గుద్ది పడేస్తే ఆ సెక్షన్ మీకూ వర్తిస్తుంది.

మనలాగే ఎడమ పక్క నడిచే బ్రిటన్‌లో, ఆగిన బళ్లనూ మెల్లగా పోయే బళ్లనూ సైకిలిస్టులు ఎడమనుంచైనా కుడినుంచైనా దాటొచ్చని అక్కడి హైవే కోడ్ ఒప్పుకుంటుంది. లారీల దగ్గర మాత్రం జాగ్రత్త అని అదే పుస్తకం హెచ్చరిస్తుంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ప్రాణానికి హామీ ఇచ్చినట్టు కాదు.

ప్రశ్న: మా నాన్న కూలి పనికి సైకిల్ మీద వెళ్తూ, ఆగి ఉన్న లారీ పక్కనుంచి దాటుతుంటే లారీ కదిలి కాలు విరిగింది. ‘సందులో దూరింది మీరే, మాకేం సంబంధం’ అంటున్నాడు ఓనర్. పరిహారం రాదా?
- ఒక యువకుడు, గురజాల

జవాబు: ఆ మాట చెప్పాల్సింది ఓనర్ కాదు, మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద గాయపడిన ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. మీ నాన్నగారికి బీమా లేకపోయినా పర్వాలేదు, లారీకి థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి, డబ్బు కట్టేది ఆ కంపెనీ. మీ నాన్నగారి తప్పూ ఉందని కంపెనీ వాదిస్తే నిరూపించాల్సిన బాధ్యత వాళ్లదే. నిరూపించినా ఆ మేరకు పరిహారం తగ్గుతుంది తప్ప, అంతటితో మొత్తం పోదు.

ముందు ఎఫ్ఐఆర్ కాపీ, ఆస్పత్రి కాగితాలు, మందుల బిల్లులు, లారీ నంబరు దగ్గర పెట్టుకోండి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయండి. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు ఉంటున్న చోటి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు.

గుద్దిన బండి ఏదో తెలియని వాళ్లకూ దారి ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అలాంటి కేసుల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇస్తారు. దరఖాస్తు విచారించేది రెవెన్యూ డివిజన్ అధికారి.

ప్రశ్న: నేను ఆటో తోలతాను. సైకిలోళ్లు ఎటునుంచి వస్తారో తెలియదు. తగిలితే తప్పు మాదే అంటారు. మేమేం చెయ్యాలి?
- ఒక ఆటో డ్రైవర్, పిడుగురాళ్ల

జవాబు: మీ బాధ అర్థమైంది. మూడు పనులు చెయ్యండి. ఎవరో చెయ్యెత్తారని రోడ్డు మధ్యలో బ్రేకు వేయకండి, వారకి తీసుకున్నాకే ఆపండి. ఎడమకి తిరిగే ముందు ఇండికేటర్ వేసి, అద్దంలో చూసి, ఒకసారి తల తిప్పి కూడా చూడండి. ప్యాసింజర్లు దిగేటప్పుడు వెనక ఎవరూ రావట్లేదని చూశాకే దిగమనండి. ఈ మూడూ చేస్తే తప్పు మీదేనని ఎవరూ తేలిగ్గా అనలేరు. మీ ఆటోకి ఎడమ అద్దం లేకపోతే, రేపటి మొదటి బేరం డబ్బుతో అది బిగించుకోండి.