వ్యాకరణానికి పది మార్కులే

సెమినార్ అనగానే చివరి బెంచీకి జారుకునే విద్యార్థిని కారణం అడిగితే, ‘ఇంగ్లిష్‌లో తప్పులొస్తాయి సార్’ అంటాడు. వినేవాళ్లు తప్పులు పట్టడానికే కూర్చుంటారని అతని భయం. మరి ప్రసంగాలకు మార్కులు వేసేవాళ్లు నిజంగా చూసేదేమిటి?

టోస్ట్‌మాస్టర్స్ పేరు వినే ఉంటారు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో నలుగురిలో మాట్లాడటం నేర్పేందుకు రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన ఈ సంస్థకు ఇప్పుడు హైదరాబాద్ ఐటీ కంపెనీల్లోనూ క్లబ్బులున్నాయి. వీళ్ల ప్రసంగ పోటీల్లో న్యాయనిర్ణేతలు ఏళ్ల తరబడి వాడిన పత్రంలో వందకు 50 మార్కులు విషయానివే. అందులో 20 ప్రసంగాన్ని అల్లిన తీరుకు, 15 అది శ్రోతల మీద చూపిన ప్రభావానికి, 15 చెప్పిన మాటలోని సత్తాకు. నిలబడిన తీరు, గొంతు, ధీమా కలిపి 30. భాషకు 20. అందులోనూ సందర్భానికి తగిన మాటలకు సగం పోగా, వ్యాకరణానికీ ఉచ్చారణకూ మిగిలేది పదే.

అసలు గండం గడియారం. ఐదు నుంచి ఏడు నిమిషాల ప్రసంగంలో ఐదో నిమిషానికి పచ్చ లైటు, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు వెలుగుతాయి. పోటీలో ఏడున్నర దాటినా, నాలుగున్నరలోపే ముగించినా అనర్హతే. మన వక్తృత్వ పోటీల్లోనో, ‘వేదికనలంకరించిన పెద్దలకు’ అంటూ అందరికీ నమస్కారాలయ్యేసరికే నిమిషం గడిచిపోతుంది. బట్టీ పట్టిన వ్యాసం సగంలో ఉండగానే గంట మోగుతుంది. పిల్లల్ని అనడానికేం లేదు, మనం నేర్పిందే అది.

క్లబ్బు సమావేశంలో ‘ఆఁ’, ‘యాక్చువల్లీ’ లాంటి ఊతపదాలను లెక్కపెట్టడానికి ఒక మనిషి ఉంటారు. ప్రసంగం అయ్యాక మరొకరు లేచి రెండు మూడు నిమిషాల్లో ఏది బాగుందో, ఏది దిద్దుకోవాలో చెబుతారు. మన కాలేజీల్లో కరవైంది ఇదే. ప్రథమ, ద్వితీయ బహుమతులు ప్రకటించి, షీల్డులిచ్చి పంపేస్తారు. ఓడినవాడికి ఎందుకు ఓడాడో తెలియదు, గెలిచినవాడికీ అంతే!

అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై ఒకటి రెండు నిమిషాలు మాట్లాడే ‘టేబుల్ టాపిక్స్’ కూడా అక్కడ ఉంటుంది. క్యాంపస్ ఎంపికల్లో ఎదురయ్యే ‘జామ్’ (జస్ట్ ఎ మినిట్) రౌండుకు ఇంతకన్నా మంచి సాధన లేదు.

క్లబ్బులో చేరాలంటే 18 ఏళ్లు నిండాలి. దగ్గర్లో క్లబ్బు లేకపోతే నలుగురు స్నేహితులు చాలు. ఒకరు మాట్లాడండి, ఒకరు గడియారం చూడండి, ఒకరు ‘యాక్చువల్లీ’లు లెక్కపెట్టండి. నాలుగో మనిషి మాత్రం మొహమాటం లేకుండా చెప్పేవాడై ఉండాలి.