మిగిలిన పూల విత్తనాలు: పంచుకోవడం, విత్తడం

ప్రశ్న: పెరటి బంతి, కనకాంబరం విత్తనాలు ఇరుగుపొరుగుకు ఇవ్వవచ్చా? ఉప్పు నేలలో మొలుస్తాయా? – ఒక పాఠకురాలు, నాగాయలంక

జవాబు: పెరటి పూలలో ఇచ్చిపుచ్చుకోవడానికి అనువైనవి నాటు బంతి, సీతమ్మ జడబంతి, శంఖుపుష్పం, చంద్రకాంత. హైబ్రిడ్ బంతి గింజ మొలుస్తుంది గానీ తల్లి మొక్కలాంటి పూలు పూస్తుందన్న భరోసా లేదు. ఇస్తే ఆ మాట చెప్పి ఇవ్వాలి. కనకాంబరంలో ఢిల్లీ రకం గింజే కట్టదు, కొమ్మలతోనే పెంచాలి. నాటు కనకాంబరం కాయ ఎండాక తడి తగిలితే చాలు, చిట్లి గింజల్ని దూరంగా ఎగజిమ్ముతుంది. ఎండిన వెన్నులపై నీళ్లు చిలకరించి గుడ్డ కప్పితే గింజలు చెదిరిపోవు, తర్వాత ఆరబెట్టాలి.

తీరప్రాంతపు తేమ విత్తనానికి శత్రువు. మొక్కమీదే ఎండిన పూలను కోసి, నీడన ఆరబెట్టి, గాజు సీసాలో మూత బిగించాలి. పంచే పొట్లం మీద రకం, కోసిన నెల రాయాలి.

దివిసీమలో అసలు చిక్కు ఉప్పుతోనే. మొలక దశలో మొక్క దాన్ని ఓర్వలేదు. అందుకే నారు కుండీలోనో ఎత్తు మడిలోనో పోసి, వాన నీరో కాలువ నీరో చల్లాలి. ఉప్పు తగిలే బోరు నీరు వద్దు. సంక్రాంతి బంతికి సెప్టెంబరు చివర విత్తితే వారంలో మొలిచి, 25–30 రోజులకు నారు నాటుకు వస్తుంది. జడబంతి గింజ సన్నం, ఇసుకతో కలిపి చల్లాలి. శంఖుపుష్పం గింజను రాత్రంతా నానబెట్టాలి. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్ల కాలం కనుక గింజలన్నీ ఒకేసారి విత్తకుండా కొన్ని మిగుల్చుకోవాలి.