తపాలా సంచిలో నిప్పు

పోస్టాఫీసులో పార్సిల్ చేతపట్టుకొని నిలబడితే, కౌంటరులోని ఉద్యోగి అడిగే ప్రశ్న ఒకటుంది: "లోపల ఏముంది?" హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా ప్రశ్న ఇదే. అడిగే భాష మాత్రం మారుతుంది. మనలో చాలామంది "బట్టలండీ" అని ఊరుకుంటాం. ఆ బట్టల మడతల మధ్య, దూరాన చదువుకుంటున్న అన్నయ్య కోసం పెట్టిన పవర్ బ్యాంకు సంగతి చెప్పం. చెబితే తిప్పి పంపుతారేమోనని భయం. అరచేతిలో ఇమిడే వస్తువు గురించి ఇంత పట్టింపు ఎందుకు? ముందు ఆ వస్తువు లోపల ఏముందో చూద్దాం.

లోహాలన్నింటిలోకీ తేలికైనది లిథియం. 1817లో స్వీడన్ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఆర్వెడ్సన్ దీనిని కనుగొన్నాడు. తక్కువ బరువులో ఎక్కువ విద్యుచ్ఛక్తిని దాచుకోగల బ్యాటరీని తయారు చేయటానికి ఇది ఎంతో అనువైనది. 1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని మొదటిసారిగా మార్కెట్‌లోకి తెచ్చింది. దీనికి పునాది వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. సెల్‌ఫోను, లాప్‌టాప్, చెవి మిషను, పిల్లల ఆటబొమ్మ, విద్యుత్ స్కూటరు, ఇలా ఎక్కడ చూసినా నేడు ఈ బ్యాటరీయే.

దీని లోపల ధనధ్రువానికీ ఋణధ్రువానికీ మధ్య పలుచని ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. దాని మందం తల వెంట్రుక కంటే తక్కువ. చుట్టూ ఉండే ద్రవం సులభంగా మండే స్వభావం కలది. పార్సిల్ ఎత్తు నుంచి కింద పడినా, బరువు కింద నలిగినా, తయారీలో లోపమున్నా ఆ పొర చిరగవచ్చు. అప్పుడు రెండు ధ్రువాలూ నేరుగా కలుసుకొని వేడి పుడుతుంది. ఆ వేడికి పొర మరింత కరుగుతుంది. కరిగినకొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది. చాలా బ్యాటరీలలో ధనధ్రువపు పదార్థం విచ్ఛిన్నమై ఆక్సిజన్‌ను కూడా వదులుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని 'థర్మల్ రనవే' అంటారు. పగ్గం తెంచుకున్న వేడి అని మనం అనుకోవచ్చు. ఒక సెల్ మండితే పక్కనున్నది వేడెక్కుతుంది, తరవాత దాని పక్కది. గడ్డివాముకు నిప్పంటుకుంటే ఊరంతా చూస్తుంది. తపాలా సంచి అడుగున, విమానం పొట్టలో అంటుకుంటే చూసేవారెవరు?

2010 సెప్టెంబరు 3వ తేదీ సాయంత్రం యు.పి.ఎస్. అనే పార్సిల్ రవాణా సంస్థకు చెందిన బోయింగ్ 747 సరకుల విమానం ఒకటి దుబాయి నుంచి జర్మనీలోని కొలోన్ నగరానికి బయలుదేరింది. అది హాంకాంగు నుంచి వచ్చిన విమానం. అందులో ప్రయాణికులు లేరు, ఉన్నది ఇద్దరు పైలట్లే. సరకులో 81,000కు పైగా లిథియం బ్యాటరీలూ, అవి అమర్చిన పరికరాలూ ఉన్నాయి.

బయలుదేరిన 22 నిమిషాలకు మంటల హెచ్చరిక గంట మోగింది. దగ్గరి విమానాశ్రయం దోహా, సుమారు 100 నాటికల్ మైళ్ళ దూరం. దుబాయి అంతకంటే దూరం. కెప్టెన్ దుబాయికే తిరిగి వెళ్ళాలని నిర్ణయించాడు. మంట ఎంత వేగంగా ముదురుతుందో ఆ క్షణాన వారికి తెలిసే అవకాశం లేదు. ఇంట్లో కూర్చొని తప్పుపట్టడం మనకు తేలిక.

నిమిషాలలోనే పొగ పైలట్ల గదిలోకి చొరబడింది. వేడికి కెప్టెన్‌కు ఆక్సిజన్ అందించే గొట్టం పాడైపోయింది. వేరే ఆక్సిజన్ కోసం ఆయన సీటు వదిలి వెనుకకు వెళ్ళాడు. తిరిగి రాలేదు. రెండవ పైలట్ ఒంటరివాడయ్యాడు. ఎదుటి పరికరాలు కనిపించవు. రేడియో ఫ్రీక్వెన్సీ మార్చటానికీ వీలులేకపోయింది. ఆ దారిన పోతున్న ఇతర విమానాల వారు అతని మాటలను విని, కింది అధికారులకు అందజేస్తూ వచ్చారు. విమానం కావలసిన దానికంటే ఎక్కువ ఎత్తులో దుబాయి విమానాశ్రయాన్ని దాటిపోయింది. షార్జాలో దించమని చెబితే, దిశ తప్పి మరొక వైపుకు తిరిగింది. చివరకు జనావాసం లేని ఒక సైనిక స్థావరంలో కూలిపోయింది. గంట మోగినప్పటి నుంచి అప్పటికి అరగంట కూడా గడవలేదు. ఇద్దరూ మరణించారు.

దర్యాప్తు నివేదిక 2013లో వెలువడింది. లిథియం బ్యాటరీలున్న సరకులోనే మంట పుట్టి ఉంటుందని అందులో తేల్చారు. దానికంటే మన పాఠానికి ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. కనీసం మూడు సరకుల విషయంలో, అవి ప్రమాదకర వస్తువుల కిందికి వచ్చే బ్యాటరీలని పంపినవారు తెలుపలేదు. ఆ కాగితం మీద ఏమి రాశారో, ఏమి రాయలేదో పైలట్లు చూసి ఉండరు. కాని ఆ కాగితాన్ని నమ్మే విమానం ఎక్కారు.

ఈ అనుభవాల తరవాత నిబంధనలు గట్టిపడ్డాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి విడి లిథియం-అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాలలో సరకుగా పంపటాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిషేధించింది. సరకుల విమానంలో పంపేవాటికి కూడా 30 శాతానికి మించి చార్జి ఉండరాదని నియమం పెట్టింది. తక్కువ చార్జి ఉన్న బ్యాటరీ మండినా అంత తీవ్రంగా మండదు.

మన దేశంలో తపాలాకూ విమానానికీ ఉన్న చుట్టరికం పాతది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి నైనీకి సుమారు 6,500 ఉత్తరాలను ఒక చిన్న విమానంలో చేరవేశారు. అవి కాగితాలు, వాటంతట అవి అంటుకోవు. నేడు తపాలా సంచులు ప్రయాణికుల విమానాలలో కూడా పోతాయి. పైన చంటిపిల్లలతో తల్లులు కూర్చుంటారు, కింద మన పార్సిళ్ళు ఉంటాయి. అందుకే అంతర్జాతీయ తపాలాలో పరికరంలో అమర్చి ఉన్న చిన్న లిథియం బ్యాటరీలకే చోటు. ఒక పార్సిల్‌లో నాలుగు సెల్‌లు లేదా రెండు బ్యాటరీలకు మించరాదు. అదీ పౌర విమానయాన అధికారుల అనుమతి పొందిన తపాలా శాఖల ద్వారానే. విడి బ్యాటరీలను అనుమతించరు. పవర్ బ్యాంకు కూడా విడి బ్యాటరీ కిందికే వస్తుంది.

బ్యాటరీ శక్తిని వాట్-గంటలలో కొలుస్తారు. మిల్లీ ఆంపియర్-గంటలను వోల్టులతో గుణించి 1000తో భాగిస్తే సరిపోతుంది. 20,000 మిల్లీ ఆంపియర్-గంటలు, 3.7 వోల్టులు ఉన్న పవర్ బ్యాంకు శక్తి 74 వాట్-గంటలు. 100కు లోపు కనుక ప్రయాణికుడు దీనిని చేతిసంచిలో పెట్టుకొని విమానం ఎక్కవచ్చు. పెద్ద సామానుతో కిందికి పంపరాదు. తపాలాలో అసలే పంపరాదు. ఇది విరుద్ధంగా తోచవచ్చు. చేతిలో ఉన్నది పొగ చిమ్మితే వెంటనే కనిపిస్తుంది, సిబ్బంది నీళ్ళు పోసి చల్లార్చగలరు. ఇక్కడ నీటి పని మంటను ఆర్పటమే కాదు, పక్క సెల్‌కు వేడి పాకకుండా చూడటం.

2016లో శాంసంగ్ సంస్థ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు మంటలంటుకోవటంతో వాటిని వెనక్కి పిలిచింది. తిరిగి పంపటానికి కొనుగోలుదారులకు వేడిని తట్టుకునే పెట్టెలనూ, చేతి తొడుగులనూ పంపింది. ఆ పెట్టెలను విమానంలో పంపరాదని షరతు. చెడిన బ్యాటరీని తయారుచేసిన సంస్థకు చేర్చటానికే అంత ఏర్పాటు కావలసివచ్చింది. మన ఇంట్లో ఉబ్బిన బ్యాటరీ ఉంటే దానిని చార్జి చేయవద్దు, గుచ్చవద్దు, ఏ పార్సిల్‌లోనూ పెట్టవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. పెద్దలకు చెప్పి ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇప్పించండి.

ఇక అన్నయ్య పవర్ బ్యాంకు సంగతి. సెలవులకు వచ్చినప్పుడు తనే చేతిసంచిలో తీసుకుపోతాడు. లేదా ఉన్న ఊళ్ళోనే కొనుక్కుంటాడు. ఈసారికి పార్సిల్‌లో బట్టలే ఉంటాయి. కౌంటరులో "బట్టలండీ" అంటే అది నిజమే అవుతుంది.

ప్రశ్నలు

1. పలుచని పొర చిరిగితే బ్యాటరీలో ఏమి జరుగుతుందో సొంత మాటలలో రాయండి.
2. రెండవ పైలట్ ఎదుర్కొన్న కష్టాలేవి?
3. 30,000 మిల్లీ ఆంపియర్-గంటలు, 3.7 వోల్టులు ఉన్న పవర్ బ్యాంకు శక్తి ఎన్ని వాట్-గంటలు? అది 100 వాట్-గంటలకు లోపా, పైనా?
4. మీ ఊరి పోస్టాఫీసుకు వెళ్ళి, పార్సిల్‌లో ఏయే వస్తువులను తీసుకోరో అడిగి తెలుసుకోండి. అక్కడివారు మీ రాష్ట్ర భాషలో చెప్పిన దానిని తెలుగులో రాయండి.