సిరాతో నిత్యసాధన

వాత్స్యాయనుడు పేర్కొన్న 64 కళల్లో గీతం, వాద్యం, నృత్యం తర్వాత నాలుగవది ఆలేఖ్యం, అంటే చిత్రలేఖనం. మొదటి మూడింటికి నిత్యసాధన అవసరమని అందరూ అంగీకరిస్తారు. సంగీతం నేర్చేవారు వేకువనే లేచి సరళీస్వరాలు పాడుకుంటే ఎవరికీ వింతగా తోచదు. చిత్రలేఖనం మాత్రం పుట్టుకతో రావలసిన విద్య అనీ, రానివారికి ఎన్నటికీ రాదనీ ఒక అపోహ లోకంలో స్థిరపడింది.

2009లో జేక్ పార్కర్ అనే అమెరికా చిత్రకారుడు సిరాతో గీసే నేర్పును మెరుగుపరచుకోవడానికి అక్టోబరు మాసం 31 రోజులూ రోజుకొక బొమ్మ గీయాలని నియమం పెట్టుకున్నాడు. ‘ఇంక్‌టోబర్’ అన్న పేరుతో ఆ నియమం దేశదేశాలకు పాకింది. పేరు కొత్తదే కాని సాధన మనకు కొత్తది కాదు. శాంతినికేతనంలోని కళాభవన్‌లో ఆచార్యుడైన నందలాల్ బోస్ కంటబడిన చెట్టునూ, పశువునూ, మనిషినీ చిన్న చిన్న కార్డుల మీద గీస్తూ ఉండేవారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో జన్మించిన కె. లక్ష్మాగౌడ్ హైదరాబాదులోనూ, అటుపై బరోడాలోనూ చదివారు. నగరాల్లో చదివినా ఆయన కలం మాత్రం పల్లెనే వెదుక్కుంది. అక్కడి స్త్రీపురుషులూ, మేకలూ, చెట్లూ ఆయన సన్నని సిరాగీతల్లో రూపు కట్టాయి. 2016లో ఆయనను పద్మశ్రీ పురస్కారం వరించింది.

అలాంటి వస్తుసంపద నిజామాబాదు జిల్లా ఆర్మూరులో కొదవ లేకుండా ఉంది. ఊరిని ఆనుకొని ఉన్న సిద్ధులగుట్ట నల్లని బండలు కలానికే తగినవి. ఇక పసుపు. పసుపును నల్లసిరాతో గీయడమేమిటని సందేహం కలగవచ్చు. నిజానికి ఆ రంగే చూపును మోసగిస్తుంది. రంగును పక్కన పెట్టినప్పుడే కొమ్ము మీది వలయాలూ, కణుపులూ, పిల్లకొమ్ము విరిగిన చోటి మచ్చా కనిపిస్తాయి. ఆచార్యులు రేఖను మెచ్చుకుంటారనీ, సామాన్యజనం రంగుల సమృద్ధిని కోరుతుందనీ విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం చెబుతుంది.

సాధనకు కావలసింది గీతలు లేని ఒక నోటుపుస్తకం, ఒక నల్లసిరా కలం. (ఇండియన్ ఇంకు ఫౌంటెన్ పెన్నులో పోయరాదు, అది ఎండితే పాళీ పూడుకుపోతుంది.) పెన్సిలు వాడకపోవడమే ఇందులోని కీలకం. పెన్సిలు గీతను చెరపవచ్చు గనుక చెయ్యి చూడకుండానే ముందుకు పోతుంది. సిరాగీత చెరగదు గనుక కన్ను చూసిన తర్వాతనే చెయ్యి కదులుతుంది. గీత తప్పితే దాని పక్కనే మరొకటి గీయాలి; తప్పిన గీతను అలాగే ఉండనివ్వాలి.

నియమం సడలేది మొదటివారంలో కాదు. కొత్తదనం తీరి, చూసే కన్ను చేతికన్నా ముందుకు వెళ్లినప్పుడు తన బొమ్మలే తనకు వికారంగా కనిపిస్తాయి. అప్పుడే చాలామంది పుట చింపివేస్తారు. చూపు పెరిగినందువల్లనే తప్పు కనబడిందన్న సంగతి వారికి తట్టదు. పుట చింపడంకన్నా ఒకరోజు మానడమే నయం. మానిన రోజుకు బదులుగా మరునాడు రెండు బొమ్మలు గీయబోతే బాకీ పెరిగి, ఆ భారంతో పుస్తకమే మూలబడుతుంది. మరునాటికి మరునాటి బొమ్మ ఒక్కటే చాలు.

పసుపు పనులు ఎవరికోసమూ ఆగవు. వానకాలం మొదట్లో నాటిన పంటను ఎనిమిది తొమ్మిది నెలల తర్వాత తవ్వుతారు. దుంపలను ఉడికించి, ఎండబోసి, తిరిగే డ్రమ్ముల్లో వేసి మెరుగు పెడతారు. పెద్ద కడాయిల్లో ఉడికించే చోట చాలావరకు ఆవిరి యంత్రాలు వచ్చాయి. కళ్లంలో పరచిన రాశి రెండు వారాలకు గోనెసంచుల్లోకి చేరి నిజామాబాదు మార్కెట్ యార్డుకు తరలిపోతుంది. ఆ తర్వాత గీద్దామన్నా మరుసటి ఏటి పంట వచ్చేదాకా అక్కడ ఖాళీ నేల తప్ప మరేమీ ఉండదు.